రెండు వేళ్ళతో ఎక్కిన రైలు

మా పై అంతస్తులో ఉండే కుర్రాడు బ్యాంకులో పని చేస్తాడు. కుర్రాడంటే నాకే కుర్రాడు, అతని తల సగం నెరిసింది. ఈ మధ్య అతనికి చిన్న రైళ్ళు చేసే పిచ్చి పట్టుకుంది. పిల్లలు కీ ఇచ్చి వదిలే రైళ్ళు కాదు. అసలు రైలులో ఏది ఎంత ఉంటుందో లెక్క చూసి, అన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గించి, నెలల తరబడి కూర్చుని చేసే రైళ్ళు. మొన్న ఆదివారం "బామ్మగారూ, పూర్తయింది, వచ్చి చూడండి" అని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. గది నిండా ఒకటే బల్ల. బల్ల మీద ఒక స్టేషను, ప్లాట్‌ఫారం, దాని పక్కన ఆగి ఉన్న పాతకాలపు మూడో తరగతి పెట్టె. కిటికీ ఊచలు కూడా లెక్క ప్రకారమే ఉన్నాయట. చూడమని భూతద్దం చేతికిచ్చాడు.

నేను భూతద్దం పక్కన పెట్టి కళ్ళు మూసుకున్నాను. చూపుడు వేలూ నడిమి వేలూ రెండు కాళ్ళు చేసి ప్లాట్‌ఫారం మీద నడిపించాను. నాలుగడుగులు వేసి, పెట్టె ముందు ఆగి, ఒక కాలు ఎత్తి మెట్టు కోసం వెతికాను. కాలు సందులో పడింది.

"ఏం చేస్తున్నారు బామ్మగారూ?" అన్నాడు కంగారుగా. ఎక్కడ విరిచేస్తానోనని అతని భయం.

"నీ రైలెక్కబోయాను నాయనా. ఎక్కలేకపోయాను," అన్నాను.

పెద్దావిడకు మతి తప్పిందనుకుని ఉంటాడు. అనుకోనీ. రైలును అలా చూడటం నాకు నేర్పిన మనిషికి కళ్ళు లేవు.

మాది ఆదోని. నాయన పత్తి ఫ్యాక్టరీలో గుమాస్తా. గింజ తీసిన దూదిని అదిమి, బేళ్ళు కట్టి, చుట్టూ ఇనుప పట్టీలు బిగించి రైలుకెక్కించే ఫ్యాక్టరీ అది. దాని వెనక గోడకు ఆనుకుని మా ఇల్లు. ఇంటి వెనక రైలు కట్ట. పత్తి వచ్చే నెలల్లో మా ఇంట్లో దూది లేని చోటు ఉండేది కాదు. చారులో తేలేది, అమ్మ జడలో చిక్కుకునేది, నాయన మీసాలకు అంటుకుని ఆయన్ని సాయంత్రానికల్లా ముసలివాణ్ణి చేసేది. ఇల్లంటే నాకు ఇప్పటికీ పత్తిగింజల నూనె వాసన, బొగ్గు పొగ వాసన, పొద్దున్నే అమ్మ పోపు వేసే ఉగ్గాని వాసన, మూడూ కలిసిందే. నానబెట్టి పిండిన బొరుగులు, పచ్చిమిరపకాయల ముద్ద, పైన చల్లిన పప్పుల పొడి, పక్కన మిరపకాయ బజ్జీ. ఉగ్గాని తినని వాళ్ళకు దాని రుచి చెప్పడమంటే రైలు ఎరగని మనిషికి రైలు గురించి చెప్పడం లాంటిది. ఈ రెండో పని ఎంత కష్టమో నాకు పదేళ్ళకే తెలిసింది.

ఆ ఏడు ఉగాది వెళ్ళిన వారానికి మా తాత, అంటే అమ్మ వాళ్ళ నాయన, ఎమ్మిగనూరు నుంచి ఎద్దుల బండిలో బట్టల మూటల మధ్య కూర్చుని వచ్చాడు. ఆయన నేతగాడు. యాభై ఏళ్ళు మగ్గం గుంతలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న మనిషి. రెండు కళ్ళకూ పొరలు కమ్మి, చివరికి దారం తెగినా కనిపించని స్థితి వచ్చాక మగ్గం దిగాడు. అయినా చీర అంచు రెండు వేళ్ళ మధ్య నలిపి ఎవరు నేసిందో చెప్పేవాడు. "కన్ను అబద్ధం సెప్తాది, సెయ్యి సెప్పదు" అనేది ఆయన వేదం.

ఆదోనిలో డాక్టరు చూసి, బళ్ళారి పెద్దాసుపత్రిలో ఆపరేషను చేయించమన్నాడు. పొరలు పండిపోయాయని, ఆలస్యమైతే లోపల కన్నే చెడుతుందని హెచ్చరించాడు. రైల్లోనే తీసుకుపొమ్మని గట్టిగా చెప్పాడు. ఆపరేషను అయ్యాక తల కదలకూడదు. ఆనాటి గుంతల రోడ్డు మీద బస్సులో వస్తే బాగైన కన్ను దారిలోనే పోతుందన్నాడు.

అంతా విని తాత ఒకటే మాట అన్నాడు. "కండ్లున్నప్పుడు ఎక్కల్యా. గుడ్డోన్నైనాక ఎక్కేదేంది? నేను రాను."

ఆయన పుట్టిన ఊరికి రైలు లేదు. ఆదోనికి వచ్చినా బండి దిగి మా ఇంటికి, ఇంటి నుంచి బండికి, అంతే. రైలంటే ఆయనకు ఒక మోత. అది పోతుంటే మా ఇంటి గోడలు అదిరేవి, అటక మీద గిన్నెలు మాట్లాడుకునేవి. ఆ మోత విన్నప్పుడల్లా తాత రెండు చేతులూ నేలకు ఆనించి కూర్చునేవాడు. నాయన బతిమాలాడు, కోప్పడ్డాడు. ఒకరోజు వంటింట్లో అమ్మతో, "ఇద్దరు కూలోళ్ళను పెట్టి ఎత్తుకొని పోయి కూసోబెడ్తా" అన్నాడు. తాతకు కళ్ళు లేవుగానీ చెవులు పాము చెవులు. ఆ రోజు నుంచి స్టేషను వైపు వాకిట్లోకి కూడా రావడం మానేశాడు.

నేను బడి నుంచి వచ్చేసరికి మంచం మీద ఒంటరిగా కూర్చుని ఉండేవాడు. ఒక సాయంత్రం బొరుగులు నములుతూ, "పాపా, రైలు ఎట్లుంటాది సెప్పు," అని అడిగాడు.

"పొడుగ్గా ఉంటాది తాతా. పాము మాదిరి."

"పాము మాదిరి ఉంటే దాన్లో మనుసులు ఎట్ల కూసుంటారు? సరిగ్గ సెప్పు. సక్రాలు దేంతో సేసినారు?"

"ఇనుముతో."

"కింద పట్టాలు?"

"అవీ ఇనుమే."

"ఇనుము మీద ఇనుము పెడితే జారదా? బండి సక్రం బాటలో గాడి ఉంటే గాడిలో పోతాది. ఈడ గాడి లేదంటివి. మరి పక్కకు పడకుండా దేన్ని పట్టుకొని పోతాది?"

పుట్టినప్పటి నుంచి రోజూ పది రైళ్ళు చూస్తున్నాను. చక్రం పట్టా మీద ఎందుకు నిలుస్తుందో ఒక్కసారి కూడా అనుకోలేదు. రోజూ చూసేదాన్ని నేను అసలు చూడనే లేదని ఆ సాయంత్రం తెలిసి సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా ఇంకోటి పుట్టింది. ఇప్పుడే వెళ్ళి చూడాలి!

గోడ అవతల పక్క లైనులో ఎప్పుడూ ఒక పాత పెట్టె నిలబడి ఉండేది. రైలు పట్టాలు బాగుచేసే గ్యాంగుమన్ ఒకాయన భార్యతో కలిసి అందులోనే కాపురముండేవాడు. నేను మామా అని పిలిచేదాన్ని. ఆయన నన్ను పెట్టె కిందికి వంగి చూడమని, చక్రం లోపలి అంచు మీద వేలు పెట్టించాడు.

"సూడు పాపా, ఈ అంచు ఉండాదే, ఇది పట్టాకు లోపల దిగుతాది. ఇటు అంచు, అటు అంచు. రెండూ పట్టాల్ని లోపల్నించి ఒత్తి పట్టుకుంటాయి. అందుకే పడదు."

నేను పరుగెత్తుకుంటూ వచ్చి తాతకు చెప్పాను. ఆయన ముఖం తిప్పేశాడు. "నువ్వు సెప్తే నాకెట్ల తెలుస్తాది? సేతికియ్యి."

అలా మొదలైంది. ముందు చేసింది ఒక్క చక్రమే. దర్జీ దగ్గర దారం అయిపోయిన కట్టె రీళ్ళు ఉండేవి. రీలు చివర కాస్త మెడతో సహా కోస్తే అచ్చం అంచున్న రైలు చక్రమే! బేలుకు కట్టే ఇనుప పట్టీ ముక్క నిలువుగా పట్టుకుని దాని మీద ఆ చక్రం దొర్లించి చూపించాను. తాత పదిసార్లు దొర్లించాడు. పదకొండోసారి, "మిగిలింది యాడ?" అన్నాడు.

పెట్టె మొత్తం చేస్తానన్నాను. స్టేషనుకు తీసుకుపోయి అసలుదే తడిమిస్తే సరిపోదా అంది అమ్మ. తాత నవ్వాడు. "ఆడిదాకా వస్తే మీ ఆయన ఊరుకుంటాడా? మూటగట్టి ఎక్కిస్తాడు. అదీగాక అంత పెద్దదాన్ని తడిమితే ఏనుగు కత అయితాది. కాలు పట్టుకున్నోనికి కాలే ఏనుగు. చిన్నదైతే రెండు సేతుల్లో మొత్తం పడతాది. కానీ ఒక మాట పాపా. ఏదీ అందాజుగా సెయ్యగూడదు. దాంట్లో ఏది ఎంతో, దీంట్లో అది అంతే ఉండాల."

బడిలో భూగోళం పటం కింద అంగుళానికి ఇన్ని మైళ్ళు అని రాసి ఉండటం చూశాను కదా, నేనూ ఒక లెక్క పెట్టుకున్నాను. అసలు రైల్లో ఒక మూరకు నా రైల్లో అర అంగుళం. గ్యాంగుమన్ మామ పెట్టెను మూలమూలా నా చేత్తో కొలిచాను. పొడుగు, ఎత్తు, వాకిలి, బల్లలు, చక్రానికీ చక్రానికీ మధ్య దూరం. పెద్ద లైను మీదికి మాత్రం మామ నన్ను పోనివ్వలేదు. పట్టాల మధ్య వెడల్పు ఆయనే కొలిచి చెప్పాడు. నోటుబుక్కులో అన్నీ రాసుకున్నాను. గ్యాసునూనె, అంటే కిరసనాయిలు డబ్బా రేకు కత్తిరించి పెట్టె, కందికట్టెలు చీల్చి పట్టాల కింది అడ్డకట్టెలు, బేళ్ళ ఇనుప పట్టీలతో పట్టాలు. బిందెలకు మాటు వేసే సాయబు నా పోరు పడలేక సైకిలు పుల్లలతో ఇరుసులు అతికి పెట్టాడు. వేసవి సెలవుల్లో సగం దీనికే పోయాయి. రేకు కోసుకుని నా చేతులు పది చోట్ల చీరుకున్నాయి. రంగు వేయలేదు. తాత చూడని రంగు ఎందుకు?

చక్రాలు అతకడం అయిన మధ్యాహ్నం సాయబు దగ్గర నుంచి పెట్టెను గుండెకు హత్తుకుని పరుగెత్తుకొచ్చాను. పట్టాల మీద ఒకసారి పెట్టి చూసుకోవాలన్న బుద్ధి కూడా పుట్టలేదు. నేరుగా తాత చేతుల్లో పెట్టాను. ఆయన వేళ్ళు పెట్టె చుట్టూ తిరిగాయి. వాకిలిలో దూరాయి, బల్లలు లెక్కపెట్టాయి. ముఖం విచ్చుకుంది. అమ్మ, నాయన కూడా వచ్చి నిలబడ్డారు. నాయన కళ్ళల్లో ఆశ నాకు ఇప్పటికీ గుర్తే.

"పట్టాల మీద పెట్టు పాపా," అన్నాడు తాత.

పెట్టాను. చక్రాలు పట్టాలకు బయట వేలాడాయి. తాత వేలితో కొంచెం తోశాడు. పెట్టె ఒరిగి, దభీమని నేలమీద పడింది.

తాత చేతులు ఒళ్ళోకి తీసుకున్నాడు. "సూసినారు గదా. పడిపాయె. సిన్నది పడితే రేకు సొట్టపోతాది. పెద్దది పడితే నేను పోతాను. నన్ను ఎమ్మిగనూరుకు పంపియ్యండి."

నాయన కోపం నా మీదికి తిరిగింది. రానని మొండికేసిన మనిషికి నీ ఆటలతో సాకు ఇచ్చావని కేకలేశాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కేకల కంటే అది ఎక్కువ బాధించింది. తాత కళ్ళు నేనే పోగొట్టానని ఆ రోజు ఏడ్చిన ఏడుపు అంతా ఇంతా కాదు.

రెండ్రోజుల తర్వాత ఎమ్మిగనూరు బండి వచ్చేరోజు. తెల్లారి నేను లేచేసరికి తాత పట్టాలూ పెట్టే రెండూ ముందేసుకుని కూర్చున్నాడు. ఆయన బొటనవేలు పట్టాల మధ్య ఒకసారి, చక్రాల మధ్య ఒకసారి ఆగి ఆగి పోతోంది.

"పాపా, రా ఈడికి. పట్టాలు కొలిసింది ఎవురు?"

"గ్యాంగుమన్ మామ."

"పెట్టె?"

"నేను."

"దేంతో కొలిసినారు?"

"మూరతో."

"ఎవురి మూర?"

నాకు ప్రశ్న అర్థం కాలేదు. మూరంటే మూరే కదా! తాత నా చెయ్యి లాగి తన చెయ్యి పక్కన పెట్టాడు, మోచేతికి మోచెయ్యి ఆనించి. నా వేళ్ళ కొసలు ఆయన మణికట్టు కాస్త దాటి ఆగిపోయాయి. అప్పుడు మొదలుపెట్టాడు నవ్వడం. నవ్వి నవ్వి పొరలు కమ్మిన ఆ కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి.

"మీ అవ్వ కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు దాంతో పడుగు కొలిపించినా. దాని మూర ఎంత? కోడిపిల్ల కాలంత. సీరకు ఇంత తగ్గె. సావుకారు బట్ట తానంతా నా మొగాన కొట్టె. ఆ పొద్దు నించి మా ఇంట్లో ఎవురి మూరా సెల్లదు. దీని మూరే మూర." అని తన చేతికర్ర నా ముందు పెట్టాడు.

ఆయన తడుముకుంటూ నడిచే కర్ర అదే. నేను ఊతకర్ర అనుకుంటూ వచ్చింది మగ్గం దగ్గర కొలిచే గజం కట్టె. దాని పొడుగునా వేలికి అందేలా గాట్లు కోసి ఉన్నాయి.

"అంటే రైలు మంచిదే తాతా? పడదా?"

"తప్పు రైలుది గాదు. రెండు మూరలది. పో, దీంతో కొలుసుకొని రా. అన్నీ మొదట్నించి. పట్టాలు గూడా ఈ కట్టెతోనే కొలవమని మీ మామకు సెప్పు."

బండి వచ్చింది, తాత ఎక్కలేదు. నేను ఆయన కర్ర ఎత్తుకుపోయినంతసేపూ మంచం మీద నుంచి కదలడానికి ఆయనకు ఆధారం లేదు. అయినా ఒక్కరోజు విసుక్కోలేదు. తిరిగిరాగానే ప్రశ్నలు మొదలు. కిటికీకి అడ్డం ఎన్ని ఊచలు? బల్ల కింద ఖాళీనా, మూసి ఉంటుందా? వాకిలి లోపలికి తెరుచుకుంటుందా, బయటికా? జవాబు తెలియకపోతే మళ్ళీ పంపేవాడు. గ్యాంగుమన్ భార్య నేను పోయినప్పుడల్లా జొన్నరొట్టె, నంజుకోను ఊరిమిండి పచ్చడి పెట్టేది. "మీ తాత రైలెక్కుతాడా, కొంటాడా?" అని ఎగతాళి చేసేది. ఆరాటం నాయనది, ఆరా తాతది. ఇద్దరి మధ్య నెలన్నర గడిచింది. వానలు మొదలయ్యాయి.

ఒకరోజు తాత గొంతు తగ్గించి అడిగాడు. "ప్లాట్‌ఫారానికీ మెట్టుకూ నడుమ సందు ఎంత ఉంటాది?"

ఇన్నాళ్ళూ ఆయన అసలు భయం అదని అప్పుడు తెలిసింది. మోత కాదు, పడిపోవడం కూడా కాదు. కాలు ఎత్తితే కింద ఏముంటుందో తెలియకపోవడం. కళ్ళున్న ఇంట్లో ఎవరికీ తట్టని ప్రశ్న. పాసింజరు బండి ఆగినప్పుడు మామ పక్కన నిలబడి ఆ సందు కట్టెతో కొలిచాను. ఎనిమిది గాట్లు. నాపరాయి ముక్కలు పేర్చి బంకమట్టి మెత్తి, ప్లాట్‌ఫారం కూడా చేశాను.

ఈసారి ముందే పట్టాల మీద పెట్టి చూసుకున్నాను. పెట్టె కూర్చుంది. తోస్తే పోయింది, లాగితే వచ్చింది. తాత చేతులు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద పెట్టాను. ఆయన రెండు వేళ్ళు నిలబెట్టాడు. అవి ముసలి నడక నడిచాయి, సందు దగ్గర ఆగాయి, ఒక వేలు లేచి మెట్టు మీద పడింది, రెండోది దాని వెంట వచ్చింది. వాకిలి దాటి, ఎడమకు తిరిగి, కిటికీ పక్క బల్ల మీద మడిచి కూర్చున్నాయి. ఆ వేళ్ళు అలా ఎక్కీ దిగీ ఎన్నిసార్లు ప్రయాణం చేశాయో నేను లెక్కపెట్టలేదు. తిండి దగ్గర కూర్చున్నా కంచం పక్కన నేల మీద రెండు వేళ్ళు నడుస్తూనే ఉండేవి. నాలుగో రోజు పొద్దున ఉగ్గాని తిని, చేయి కడుక్కుని, "మీ నాయనను పిలువు. పోదాం," అన్నాడు.

శ్రావణంలో ఉరుకుంద ఈరన్న జాతరకు పోయే జనంతో ఊరంతా కిటకిటలాడుతున్న రోజులు. మేం మాత్రం స్టేషనుకు పోయాం. నన్ను కూడా తీసుకుపోవాల్సిందేనని తాత పట్టుబట్టాడు. రైలు వచ్చినప్పుడు ఆయన చెయ్యి నా భుజాన్ని గట్టిగా పట్టుకుంది. "ఎనిమిది గాట్లు," అన్నాను. కాలు ఎత్తాడు. సరిగ్గా మెట్టు మీద పడింది. ఎడమకు తిరిగి, ఎవరూ చెప్పకుండానే కిటికీ పక్క బల్ల తడుముకుని కూర్చుని, "ఈ బల్ల నాకు తెలుసు," అన్నాడు పక్కనున్న అపరిచితునితో.

గుంతకల్లులో చిక్కు వచ్చింది. బళ్ళారికి అక్కడ బండి మారాలి. ఆ రోజుల్లో ఆ దారిలో పట్టాలే వేరు, సన్నవి. బండీ చిన్నది, ప్లాట్‌ఫారమూ కిందికి. తాత కర్ర చాచి వాకిలి వెడల్పు చూసి గతుక్కుమన్నాడు. "ఇది నాకు తెలీని బండి. నేను ఎక్కను." నాయన తల పట్టుకున్నాడు. బండి కూత వేసింది.

నేను ఆయన చేతిలోంచి కర్ర లాక్కున్నాను. వంగి కొలిచి గట్టిగా అరిచాను. "మొదటి మెట్టు పదకొండు గాట్లెత్తు తాతా! రెండోది తొమ్మిది! సందు ఆరు!" తాత పెదవులతో లెక్క మళ్ళీ చెప్పుకుని, ఎక్కేశాడు. కూర్చుని ఊపిరి తీసుకున్నాక, పట్టాలు ఇక్కడ సన్నగా ఉంటాయని నాయన వివరిస్తుంటే, మళ్ళీ అదే నవ్వు నవ్వాడు. "అయితే మా పాప మొదటేసిన పట్టాలు తప్పేం కాదు. ఆదోని బండికి బళ్ళారి పట్టాలు ఏసింది, అంతే!"

ఆపరేషను అయింది. మూడో రోజు వరండాలో డాక్టరు నాయనతో మాట్లాడుతుంటే నేను స్తంభం వెనకే ఉన్నాను. కుడి కన్ను బాగవుతుందన్నాడు. ఎడమది ఇక రాదన్నాడు. రెండు నెలల ముందు తెచ్చి ఉంటే రెండూ దక్కేవేమో అన్నాడు. రెండు నెలలు! నా మూర పోగొట్టిన రెండు నెలలు. ఎవరికీ చెప్పలేదు. తిరుగు ప్రయాణమంతా తాత తల కదలకుండా రెండు దిండ్ల మధ్య పట్టుకుని కూర్చున్నాను. నా కళ్ళ నీళ్ళు ఆయన మీద పడకుండా ముఖం కిటికీ వైపు పెట్టుకున్నాను.

కట్టు విప్పి, సోడాబుడ్డి అద్దాలు పెట్టిన రోజు తాత మొదట అమ్మను చూశాడు, తర్వాత నన్ను. "యాడ నా రైలు?" అన్నాడు. తెచ్చి ముందు పెట్టాను. ఆయన అద్దాలు సవరించుకుని కుడి కన్ను దగ్గరికి తెచ్చి చూశాడు. రేకు మీద గ్యాసునూనె డబ్బా అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి. మాటు మరకలు, తుప్పు, వంకర రీళ్ళు, మీద ఎండిన మట్టి.

"ఇదా?" అన్నాడు. "నేనెక్కింది ఇదా? థూ, ఏం అనాకారి బండి పాపా!"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. లోపల దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటపడింది. డాక్టరు మాట, రెండు నెలలు, ఎడమ కన్ను, నా మూర, అన్నీ వెక్కుతూ చెప్పేశాను. "నా వల్లనే తాతా. మొదటిసారే సరిగ్గా సేసింటే..."

తాత నవ్వడం ఆపేశాడు. "మొదటిసారే అది నిలబడింటే నేను నమ్మింటానా? ఆడపిల్ల ఆడుకునే బొమ్మ, బాగుండాది అని పక్కన పెట్టింటా. అది పడింది గనుకనే ఎందుకు పడిందో సూడాలనిపించె. ఎందుకు పడిందో తెలిసినాకనే గదా నమ్మింది? పడకపోతే నేను ఈ మంచం మీదనే ఉందును, రెండు కండ్లూ పోగొట్టుకొని."

అప్పుడు అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వచ్చిన ఒక్క కన్నూ గట్టిగా మూసుకుని, చేతులు చాచాడు. రెండు వేళ్ళు ప్లాట్‌ఫారం మీద నడిచాయి, సందు దాటాయి, ఎడమకు తిరిగి కూర్చున్నాయి.

"ఆ," అన్నాడు. "ఇదీ రైలు."

ఆ పెట్టె ఆయనతో ఎమ్మిగనూరు పోయింది. మగ్గాల ఇళ్ళ పిల్లలందరూ దానితో ఆడుకుని ఆడుకుని అరగదీశారు. గ్యాంగుమన్ మామ కాపురమున్న పెట్టె లేదు, దర్జీల దగ్గర కట్టె రీళ్ళు లేవు. బళ్ళారి సన్న పట్టాలు కూడా పీకేసి వెడల్పువి వేశారు. తాత కట్టె ఒక్కటి నా దగ్గర మిగిలింది, గాట్లు నున్నగా అరిగిపోయి.

ఇదంతా పైఅంతస్తు కుర్రాడికి చెప్పాను. అతను వంగి ప్లాట్‌ఫారానికీ పెట్టెకూ మధ్య సందులో తన వేలు పెట్టి చూశాడు. తర్వాత బిక్కముఖం వేసుకుని అసలు సంగతి బయటపెట్టాడు. పెట్టె కొలతలు ఒక పుస్తకంలోవట. ప్లాట్‌ఫారం కొలతలు ఇంకో పుస్తకంలోవట.

నాకు నవ్వు ఆగలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వాను. తర్వాత గోడ పట్టుకుని మెల్లగా కిందికి దిగాను, కట్టె తేవడానికి.